సముద్రం ఏ వైపున ఉంది?

శ్రోతలకు నమస్కారం. భీమిలికి ఎగువన గోస్తనీ నది ఒడ్డున ఉన్న మా ఊరిని మొట్టమొదటిసారి చెక్క మీద చెక్కి, సిరా పూసి, కాగితం మీదికి అచ్చు తీసిన రోజున, దానిని ఎంతో సంబరంగా పట్టుకెళ్లి మా పెద్ద మావయ్యకు చూపించాను. చెరువు గట్టు మీద ఉత్తరంగా తిరిగి నిలబడితే కనిపించే దృశ్యం అది. వరుసగా తాడిచెట్లు, వాటి అవతల వరి మడులు, ఒక పక్క కొండలు, మరో పక్క దూరంగా సన్నని గీతలాంటి సముద్రం. మావయ్య ఆ కాగితాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసి, “ఏట్రా ఇది, సంద్రం పడమటికి ఎప్పుడెళ్లింది?” అని అడిగారు.

అచ్చులో కుడి ఎడమలు తారుమారవుతాయని నాకు తెలియకపోలేదు. అక్షరాలైతే తప్పకుండా తిరగేసి చెక్కేవాణ్ణి. చెట్టుకూ కొండకూ ఏ వైపైతేనేమిలే అనుకున్నాను. కానీ మన తీరంలో పుట్టిన మనిషికి తూర్పున సముద్రం, పడమట కనుమలు అన్నది ఒంట్లో ఇంకిపోయిన విషయం. ఒడ్డున కనిపించే కొండలను బట్టి వల వేసిన చోటును పోల్చుకునే మత్స్యకారుల నుంచి, వాన ఏ వైపు నుంచి వస్తుందో చూసి కుప్ప కప్పే రైతు వరకు అందరికీ అదే దిక్సూచి. చిన్ననాటి జ్ఞాపకంలో రంగు మారవచ్చు, ఇంటి గోడ ఎత్తు పెరగవచ్చు గాని, ఏది ఏ వైపున ఉండేదో మాత్రం మారదని నాకు ఆ ఒక్క ప్రశ్నతో అర్థమైంది.

ఈ కళలో పని జరిగే తీరు కాస్త చెప్పాలి. చదునైన చెక్క మీద బొమ్మ గీసుకుని, కాగితం మీద తెల్లగా ఉండవలసిన భాగమంతా ఉలితో తీసివేస్తాము. మిగిలిన ఎత్తు భాగానికి రోలర్‌తో సిరా పట్టించి, పైన కాగితం పరచి, వెనుక నుంచి చెంచా వీపుతో రుద్దుతాము. అంటే తాటాకును గీయడం కాదు, తాటాకుల మధ్య కనిపించే ఆకాశాన్ని ముక్కముక్కగా తొలగించడం మన పని. చెక్కలో నార పోయే దిశకు అడ్డంగా ఉలి నడిపితే అంచు పెళుసుగా లేచిపోతుంది. చెక్క ఎంపిక కూడా ముఖ్యమే. పెడన కలంకారీ అచ్చులను టేకుతో చేస్తారు. ఏటికొప్పాక బొమ్మలకు మెత్తని అంకుడు కర్ర వాడతారు. మన పల్లెలకు రూపమిచ్చిన తాడి మాత్రం ఈ పనికి లొంగదు. దాని దూలంలో నల్లని గట్టి పోగులు నిండి ఉంటాయి కనుక సన్నని గీత నిలవదు. నేను ఎన్నో తాళ్లను చెక్కాను గాని, తాడి మీద ఒక్కటీ చెక్కలేకపోయాను.

తారుమారయ్యే చిక్కును జపాన్ పనివాళ్లు ఏనాడో చక్కగా తీర్చుకున్నారు. చిత్రకారుడు పలుచని కాగితం మీద గీసిన బొమ్మను చెర్రీ చెక్క మీద బోర్లా అతికించి, వెనుక వైపు నుంచి కనిపించే గీతల వెంబడి చెక్కేవారు. అలా చెక్క మీద తిరగబడిన బొమ్మ అచ్చులో సరిగ్గా వచ్చేది. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క చెక్క, అన్నీ ఒకే చోట పడేందుకు మూలన చిన్న గాటు. హొకుసాయ్ ఫుజీ పర్వతాన్ని పదేపదే చిత్రించిన ప్రసిద్ధ ముద్రణలు 1830 ప్రాంతంలో, ఆయన డెబ్బయ్యో ఏట వెలువడ్డాయి. ఆయన తరువాతి వాడైన హిరోషిగే వానను సన్నని గీతలుగా చెక్కించిన తీరు చూస్తే, కశింకోట దాటాక రైలు కిటికీలోంచి చూసిన వానలే నాకు గుర్తుకొస్తాయి. చెక్కకు తడి కుంచెతో రంగు పూసి, ఒక పక్కకు పలుచబారేలా తుడిచి, సంధ్యాకాశాన్ని అచ్చు వేసే విద్య కూడా వారిదే. మన కనుమల మీద ఉదయం నిలిచే నీలి మసకను పట్టడానికి దానికి మించిన ఉపాయం నాకు దొరకలేదు.

మన దేశంలో హరేన్ దాస్ ఈ దారిలో నడిచినవారు. ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్న దినాజ్‌పూర్‌లో 1921లో పుట్టి, కలకత్తాలో చదివి, అక్కడే పాఠాలు చెబుతూ, జీవితమంతా బెంగాల్ పల్లెనే చెక్కారు. నీటిలో పడే వెలుగును అంత సన్నని గీతలతో నిలిపినవారు అరుదు. మన తెలుగువారిలో మెదక్ ప్రాంతపు నిజాంపూర్‌లో పుట్టిన కె. లక్ష్మా గౌడ్, చెక్కను కాక లోహపు పలకను ఎంచుకున్నా, తన ఊరి మనుషులను, మేకలను, చెట్లను వదలలేదు.

రంగులతో వేసే చిత్రానికి మరో సౌకర్యం ఉంది. ఎర్రమట్టి దిబ్బల ఎరుపు ఒక్కటే రంగు కాదు. ఇసుక రేణువుల మీద ఇనుము తుప్పు పట్టిన ఆ ఎరుపు పొద్దున ఇటుక రంగులో, సాయంత్రం కుంకుమ రంగులో కనిపిస్తుంది. అది నీటి రంగులకే దక్కుతుంది. చెక్క మాత్రం ఏదో ఒకటి తేల్చుకోమంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి తోటలను పడగొట్టాక, మా గట్టు మీద ఎన్ని తాళ్లుండేవో ఊళ్లో ఇద్దరు ఒకే లెక్క చెప్పలేకపోయారు. అందుకే నేను ఆ ఏడాది నుంచి రంగుల కన్నా చెక్కనే ఎక్కువగా పట్టుకున్నాను. ఎన్ని చెట్లు, ఏ వైపు, ఎంత ఎడం అన్నది తేల్చకుండా ఉలి కదలదు.

మావయ్య మాట విన్న తరువాత బొమ్మను పలుచని కాగితం మీద మళ్లీ గీసి, బోర్లా అతికించి, మరో చెక్క మీద చెక్కాను. ఈసారి సముద్రం తూర్పునే వచ్చింది. ఆయన చూసి, తృప్తిగా తలాడించి, వేలితో ఒక చోట చూపించి, “ఈ మూడో తాడి ఇంకొంచెం ఒంగుండేది, పిడుగు పడ్డాక” అన్నారు. ఒకసారి తీసేసిన చెక్క మళ్లీ రాదు కనుక ఆ చెట్టును నేనిప్పుడు వంచలేను. ప్రస్తుతం మా ఇంటి బల్ల మీద మూడో చెక్క ఉంది. దాని మీద కాగితం అతికించి, ఆరబెట్టాను.