ఫ్లోరోసిస్ బాధితుల నడకను ఫోన్ కెమెరా ఎంతవరకు కొలవగలదు?

సమర్పకురాలు: నమస్కారం. తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, కీళ్లు బిగుసుకుపోయే ఫ్లోరోసిస్ జబ్బు బాధితులకు నల్లగొండ జిల్లాలో చికిత్స అందిస్తున్న ఫిజియోథెరపిస్టు ఈ రోజు మనతో ఉన్నారు. సార్, నడకను కంప్యూటర్ ఎలా కొలుస్తుంది?

ఫిజియోథెరపిస్టు: నమస్కారమండీ. పెద్ద ప్రయోగశాలల్లో ఒంటి మీద కాంతిని తిప్పికొట్టే చిన్న గుండ్లు అతికించి, చుట్టూ అమర్చిన ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలతో వాటి కదలికను పట్టి, కీళ్ల కోణాలను లెక్కిస్తారు. ఆ పద్ధతి నమ్మకమైనదే గానీ చాలా ఖరీదైనది. ఇప్పుడు మామూలు వీడియోలోనే తుంటి, మోకాలు, చీలమండ ఎక్కడున్నాయో గుర్తించే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. గూగుల్ వారి మీడియాపైప్ శరీరంపై 33 బిందువులను గుర్తిస్తుంది.

సమర్పకురాలు: మర్రిగూడ వంటి మండలాల్లోని బాధితులకు దీనివల్ల ఏమిటి ప్రయోజనం?

ఫిజియోథెరపిస్టు: ఫ్లోరైడ్ వల్ల ఎముకల్లో వచ్చిన మార్పును మందులతో వెనక్కి తీసుకురాలేము. ఉన్న కదలికను కాపాడుకోవాలి, అది ఎక్కడ తగ్గుతోందో ముందే పసిగట్టాలి. 1991లో వెలువడిన టైమ్డ్ అప్ అండ్ గో అనే పరీక్షలో రోగి కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, వెనుదిరిగి వచ్చి కూర్చుంటారు. వృద్ధులకు 12 సెకన్లు, అంతకు మించి పడితే కింద పడే ముప్పు ఉన్నట్లు భావిస్తారు. అయితే స్టాప్‌వాచ్ మొత్తం సమయాన్ని మాత్రమే చెబుతుంది. మెడ, వెన్ను బిగుసుకుపోయిన పెద్దాయన తిన్నగా నడుస్తున్నంతసేపు బాగానే ఉన్నట్లు కనిపిస్తారు. వెనుదిరగవలసిన చోట మాత్రం తల తిప్పలేక, ఒళ్లంతటినీ ఒకే మొద్దులా తిప్పుతూ చిన్న చిన్న అడుగులు వేస్తారు. వీడియోను విడదీసి చూస్తే లేవడానికి ఎంతసేపు పట్టిందో, మలుపులో ఎన్ని అడుగులు పడ్డాయో విడివిడిగా తెలుస్తుంది. లేవడమే కష్టమైతే తొడ కండరాలకు బలం రావాలి, మలుపులో తడబడితే నిలకడకు సాధన చేయించాలి. నాకు ఈ తేడాయే అన్నిటికన్నా విలువైనది.

సమర్పకురాలు: చీరలు, పంచెలు కట్టుకున్న వారిలో మోకాలు కనబడదు కదా?

ఫిజియోథెరపిస్టు: అదే అసలైన చిక్కు. బట్టల చాటున ఉన్న కీలును సాఫ్ట్‌వేర్ అంచనాగా గుర్తిస్తుంది కాబట్టి ఆ కోణాన్ని నేను నమ్మను. పంచె పైకి కట్టుకోమని అడుగుతాను, మహిళలకైతే అడుగులు, సమయం మాత్రమే లెక్కలోకి తీసుకుంటాను. ఒకే కెమెరా పక్క నుంచి చూస్తున్నప్పుడు మనిషి కాస్త వాలుగా నడిచినా కోణం తప్పుగా వస్తుంది. అందుకే కుర్చీ, నేల మీది గీత, ఫోన్ స్టాండు ఎత్తు ప్రతిసారీ ఒకేలా ఉంచుతాం. ఇంకొకరి అంకెతో పోల్చడం కన్నా, అదే మనిషి మూడు నెలల కిందట ఎలా నడిచారో చూడడమే ముఖ్యం.

సమర్పకురాలు: కెమెరాకు అందని విషయం ఏదైనా ఉందా?

ఫిజియోథెరపిస్టు: నొప్పి అందదు. కాలు బిగువు కీలు వల్లనా, నరాల వల్లనా అన్నది కూడా చేతితో వంచి చూస్తేనే తెలుస్తుంది. ఫ్లోరోసిస్‌లో పెరిగిన ఎముక వెన్నుపామును నొక్కవచ్చు. కాళ్లు కొయ్యబారి కాలివేళ్లు నేలకు రాసుకుంటున్నా, మూత్రం మీద పట్టు తప్పినా వ్యాయామంతో కాలయాపన చేయకుండా వెంటనే న్యూరోసర్జన్ దగ్గరికి పంపించాలి.