మూలన పడిన పాత ఫోన్‌ను గేమ్ పరికరంగా మార్చుకుందాం (మెమరీ కార్డు పరీక్షతో సహా)

నమస్కారం. సెలవులు దగ్గరపడగానే "పిల్లలకు రెండు మూడు వేలలో ఏదైనా మంచి గేమ్ పరికరం ఉంటే చెప్పండి" అని అడిగేవారు చాలామంది ఉంటారు. వారందరికీ ఈ వీడియోలో నేను ఇచ్చే జవాబు ఒకటే. కొత్త పరికరం కొనవద్దు. మీ బీరువాలో మూలన పడి ఉన్న పాత ఆండ్రాయిడ్ ఫోన్‌ను బయటకు తీయండి, ఆ రెండు వేలను ఒక మంచి మెమరీ కార్డు మీద, ఒక కంట్రోలర్ (చేత్తో పట్టుకుని ఆట ఆడే బటన్ల పరికరం) మీద ఖర్చు పెట్టండి.

ఎందుకు కొనవద్దంటున్నానో ముందుగా చూద్దాం. ఇదిగో, నా చేతిలో ఉన్న ఈ చిన్న డబ్బాను చూడండి. నల్లగొండ ప్రకాశం బజారులోనైనా, మహబూబ్‌నగర్ గడియారం దగ్గరైనా, హైదరాబాద్ జగదీశ్ మార్కెట్‌లోనైనా "నాలుగు వందల ఆటలు ఒకే డబ్బాలో" అని రాసి ఉండే పెట్టె ఇదే. లోపల ఉన్నవి 1980ల నాటి ఎనిమిది బిట్ల ఆటల నకళ్లు, వాటిలో చాలా వరకు అనుమతి లేకుండా నింపినవి. ఆటల జాబితాలో కొంత దూరం వెళ్లేసరికి అవే ఆటలు పేరు మార్చుకుని మళ్లీ కనిపిస్తాయి, చూడండి, ఇది ఇందాకటిదే. ఇక రెండో చివర, అంటే ఖరీదైన వైపు చూస్తే, 2017లో వచ్చిన నింటెండో సంస్థ గేమ్ పరికరం స్విచ్‌ను ఆ సంస్థ మన దేశంలో అధికారికంగా అమ్మడం లేదు కాబట్టి, మనకు దొరికేది దిగుమతి సరుకే, దానికి ఇక్కడ సంస్థ వారంటీ ఉండదు. ఆసుస్ వారి రోగ్ ఆలై అనే చేతి గేమ్ పరికరం 2023 జూలైలో మన దేశంలోకి వచ్చినప్పుడు దాని ధర 69,990 రూపాయలు. ఆరో తరగతి పిల్లవాడి వేసవి సెలవుల కోసం అంత డబ్బు పెట్టమని నేను ఎవరికీ చెప్పను.

సరే, ఫోన్ దగ్గరకు వద్దాం. మూడు జీబీల ర్యామ్, ఆండ్రాయిడ్ 10 లేదా ఆ తర్వాతి వెర్షన్, మెమరీ కార్డు పెట్టే చోటు, ఈ మూడూ ఉంటే చాలు. నాలుగోది అన్నిటికంటే ముఖ్యమైనది, బ్యాటరీ ఉబ్బి ఉండకూడదు. ఫోన్‌ను ఇలా గాజు బల్ల మీద వెల్లకిలా పెట్టి ఒక మూల మీద వేలితో నొక్కండి. అది ఊగితే, లేదా వెనుక మూత పైకి లేచినట్లు కనిపిస్తే, ఆ ఫోన్‌ను పిల్లల చేతికి ఇవ్వవద్దు, ఛార్జింగ్‌కు కూడా పెట్టవద్దు. సాధారణ లిథియం బ్యాటరీలను 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు, మన జిల్లాల్లో మే నెల మధ్యాహ్నం గాలి వేడిమే దాదాపు అక్కడికి చేరుతుంది కాబట్టి, కిటికీ పక్కన ఎండ తగిలే చోట ఛార్జింగ్ పెట్టే అలవాటు ఉంటే ఈ రోజే మానుకోండి.

ఫోన్ బాగుంటే దాన్ని ఖాళీ చేయాలి. ఫొటోలు ఇప్పటికే వేరే చోట దాచుకున్నారనే అనుకుంటున్నాను. సెట్టింగ్స్, సిస్టమ్, రీసెట్, మొత్తం డేటా తొలగింపు, పాస్‌వర్డ్, సరే. అయిపోయింది. దీన్ని సెట్టింగ్స్ నుంచే చేయండి, పక్క బటన్లు నొక్కి పట్టుకుని చేసే పద్ధతిలో అయితే తిరిగి తెరిచినప్పుడు పాత గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ అడుగుతుంది, అది చాలామందికి గుర్తుండదు. సిమ్ తీసేయండి. దీనికి సిమ్‌తో పని లేదు.

ఫోన్ తెర కంప్యూటర్‌లో ఇంత స్పష్టంగా ఎలా కనిపిస్తున్నదని అడిగేవారి కోసం ఒక మాట. నేను వాడేది ఎస్‌సీఆర్‌సీపీవై అనే ఉచిత సాధనం. ఫోన్ డెవలపర్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి యూఎస్‌బీ తీగ కలిపితే చాలు, ఫోన్‌లో ఏ యాప్ వేయాల్సిన అవసరం లేదు. కీబోర్డు మీద ఆల్ట్‌తో పాటు ఇంగ్లిష్ 'O' అక్షరం నొక్కితే ఫోన్ తెర ఆరిపోతుంది, కంప్యూటర్‌లో మాత్రం బొమ్మ నడుస్తూనే ఉంటుంది. ఫోన్ వేడెక్కకుండా ఉండటానికి నేను ఎప్పుడూ అలాగే చేస్తాను. సరే, ముందుకు వెళ్దాం.

ఇప్పుడు మెమరీ కార్డు. ఈ ఒక్క మెట్టు దగ్గర మాత్రం నేను నెమ్మదిగా వెళ్తాను, మీరు కూడా వీడియోను ముందుకు జరపకుండా చూడండి, ఎందుకంటే ఈ మొత్తం పనిలో డబ్బు వృథా అయ్యే చోటు ఇదే.

ముందు కార్డు మీద రాతలు. దగ్గరగా చూపిస్తాను. ఇక్కడ గుండ్రని గుర్తులో ఉన్న 10 అంటే సెకనుకు కనీసం 10 మెగాబైట్ల చొప్పున రాయగలదని అర్థం. ఈ యూ ఆకారంలో 1 ఉంటే అదీ పదే, 3 ఉంటే ముప్పై. వీ30 అన్నా ముప్పైయే. ఇవి వీడియోలకు సంబంధించిన కొలతలు. ఆటలకు కావలసింది ఇదిగో, ఈ ఏ1 అన్న గుర్తు. చిన్న చిన్న ముక్కలను కార్డు ఎంత త్వరగా వెతికి ఇస్తుందో చెప్పేది ఇది. ఏ1 అంటే సెకనుకు కనీసం 1500 సార్లు చదవగలగాలి, 500 సార్లు రాయగలగాలి. ఏ2 అయితే 4000, 2000. పాత ఫోన్లలో చాలా వాటికి ఏ2 వేగాన్ని పూర్తిగా వాడుకునే శక్తి ఉండదు కాబట్టి, ఏ1 కార్డు తీసుకోండి, మిగిలిన డబ్బు కంట్రోలర్‌కు పనికొస్తుంది.

అయితే ఈ గుర్తులన్నీ ముద్రించిన రాతలే. నకిలీ కార్డు మీద కూడా ఇవే ఉంటాయి. కొంటున్నప్పుడు "ఇది అసలుదేనా అన్నా?" అని అడిగితే "మస్తు నడుస్తది, తీస్కపో" అనే జవాబు వస్తుంది, అమ్మే మనిషికి కూడా అంతకంటే ఎక్కువ తెలిసి ఉండకపోవచ్చు. నకిలీ కార్డు మోసం ఎలా జరుగుతుందంటే, లోపల ఉన్నది 32 జీబీల చిప్ అయినా, కార్డు లోపల దాన్ని నడిపే చిన్న సర్క్యూట్‌ను మార్చి, "నేను 128 జీబీలు" అని ఫోన్‌కు చెప్పేలా చేస్తారు. ఫోన్ నమ్ముతుంది. కంప్యూటర్ కూడా నమ్ముతుంది. మొదటి 32 జీబీలు నిండే వరకు అంతా సవ్యంగానే ఉంటుంది, ఆ తర్వాత రాసినదంతా గాలిలో కలిసిపోతుంది లేదా పాత ఫైళ్ల మీదే పడుతుంది. ఫైళ్ల పేర్లు మాత్రం కనిపిస్తూనే ఉంటాయి, తెరిస్తే తెరుచుకోవు. ఇది బయటపడే నాటికి వస్తువును తిరిగి ఇచ్చే గడువు దాటిపోతుంది. అందుకే కొన్న రోజే, బిల్లు చేతిలో ఉండగానే పరీక్షించాలి.

ఒక చిన్న సందేహం ఇక్కడే తీర్చేస్తాను. అసలైన 128 జీబీ కార్డును పెట్టినా కంప్యూటర్‌లో 119 అనే కనిపిస్తుంది, ఇదిగో చూడండి. ఇది మోసం కాదు. తయారీదారులు వెయ్యి చొప్పున లెక్కపెడతారు, విండోస్ 1024 చొప్పున లెక్కపెడుతుంది, తేడా అంతే. 119 చూసి గాబరాపడి కార్డు తిరిగి ఇవ్వవద్దు, అలాగే 119 కనిపించింది కదా అని అసలుదేనని నమ్మవద్దు. నకిలీది కూడా 119 అనే చూపిస్తుంది.

పరీక్షకు నేను వాడే సాధనం హెచ్2టెస్ట్‌డబ్ల్యూ. జర్మనీలోని సీటీ అనే కంప్యూటర్ పత్రిక వారి నుంచి వచ్చింది, చాలా పాతది, ఉచితం, ఇన్‌స్టాల్ చేయనవసరం లేదు. తెరవగానే అంతా జర్మన్‌లో ఉంటుంది. కంగారు పడకండి, పైన ఈ రెండు చుక్కల్లో రెండోది, ఇంగ్లిష్, నొక్కండి. కార్డును ముందే ఖాళీ చేసి ఉంచండి. విండోస్ బటన్, ఇంగ్లిష్ 'E' అక్షరం కలిపి నొక్కితే కార్డు ఏ అక్షరం కింద ఉందో కనిపిస్తుంది, నాకు ఇక్కడ జీ. ఇప్పుడు "సెలెక్ట్ టార్గెట్" నొక్కి ఆ జీనే ఎంచుకోండి, మీ పెన్‌డ్రైవ్‌ను కాదు, కార్డునే. తర్వాత "ఆల్ అవైలబుల్ స్పేస్" మీద చుక్క ఉండాలి. ఇది మళ్లీ చెబుతున్నాను, మొత్తం ఖాళీ స్థలం. తొందరలో ఒక జీబీ మాత్రమే పరీక్షిస్తే నకిలీ కార్డు కూడా పాసవుతుంది, ఆ పరీక్షకు అర్థం లేదు. ఆ తర్వాత "రైట్ ప్లస్ వెరిఫై".

ఇక వేచి ఉండాలి. సెకనుకు 20 మెగాబైట్ల వేగంతో 128 జీబీలు రాయడానికి దాదాపు గంటా ముప్పావు పడుతుంది, మళ్లీ చదివి సరిచూడటానికి ఇంకొంత సమయం కావాలి. కార్డు రీడర్ యూఎస్‌బీ 3 రకమైతే, కార్డు కూడా వేగవంతమైనదైతే త్వరగా ముగుస్తుంది. ల్యాప్‌టాప్ నిద్రలోకి జారుకోకుండా ముందే సెట్టింగ్ మార్చి పెట్టండి. లినక్స్ వాడేవారు ఎఫ్3 అనే సాధనం తీసుకోండి, పని అదే.

ఫలితం ఇలా వస్తుంది. "టెస్ట్ ఫినిష్డ్ వితౌట్ ఎర్రర్స్" అని వస్తే కార్డు మంచిది. ఇదిగో, ఈ రెండో కార్డు ఫలితం చూడండి, 29 జీబీలు సరైనవి, మిగతాదంతా "డేటా లాస్ట్". 128 అని అచ్చువేసిన కార్డులో పనికొచ్చేది ఇంతే. దీన్ని బిల్లుతో సహా అమ్మినవారికే తిరిగి ఇవ్వాలి. మంచి కార్డు అయితే, అందులో మిగిలిన హెచ్2డబ్ల్యూ ఫైళ్లన్నీ తొలగించండి, లేకపోతే కార్డు నిండిపోయినట్లే చూపిస్తుంది.

కంప్యూటర్ లేనివారు ఏం చేయాలి? ఫోన్‌లోని పెద్ద వీడియోలను కార్డు పూర్తిగా నిండే వరకు మళ్లీ మళ్లీ కాపీ చేయండి, కార్డును ఒకసారి బయటకు తీసి మళ్లీ పెట్టండి, ఆ తర్వాత మొదట్లో వేసినవీ చివర్లో వేసినవీ రెండూ తెరిచి చివరి దాకా ఆడించి చూడండి. బయటకు తీయకుండా చూస్తే ఫోన్ తన జ్ఞాపకంలో దాచుకున్న కాపీనే చూపించవచ్చు. శ్రమ ఎక్కువే, కానీ పని జరుగుతుంది.

కార్డును ఫోన్‌లో పెట్టగానే కొన్ని ఫోన్లు ఒక ప్రశ్న అడుగుతాయి, పోర్టబుల్‌గా వాడాలా, ఇంటర్నల్‌గా వాడాలా అని. ఆటలను కార్డులో వేయాలంటే ఇంటర్నల్ ఎంచుకోండి. ఇందాక చెప్పిన ఏ1 గుర్తు అక్కడే పనికొస్తుంది. కానీ అలా చేసిన కార్డు ఆ ఒక్క ఫోన్‌కే కట్టుబడి ఉంటుంది, తీసి వేరే ఫోన్‌లో పెడితే చదవలేరు. పాటలకు, వీడియోలకు మాత్రమే అయితే పోర్టబుల్ చాలు. మీ ఫోన్ ఈ ప్రశ్న అడగకపోతే తయారీదారు ఆ సౌకర్యం ఇవ్వలేదని అర్థం.

కంట్రోలర్ సంగతి త్వరగా ముగిస్తాను. బ్లూటూత్ ఆన్, జత చేయి, అయిపోయింది. ఇంట్లో ప్లేస్టేషన్ 4 (పీఎస్4) కంట్రోలర్ ఉంటే ఆండ్రాయిడ్ 10 నుంచి, పీఎస్5 కంట్రోలర్ ఉంటే ఆండ్రాయిడ్ 12 నుంచి నేరుగా పనిచేస్తాయి, కొత్తది కొననే అవసరం లేదు. కొనాల్సి వస్తే నా ఓటు తీగ ఉన్న కంట్రోలర్‌కే, ఓటీజీ అడాప్టర్‌తో, అంటే యూఎస్‌బీ పరికరాలను ఫోన్‌కు కలిపే చిన్న ముక్కతో, కలిపేది. దానికి వేరే ఛార్జింగ్ అక్కర్లేదు, నొక్కిన వెంటనే స్పందిస్తుంది, ధర కూడా తక్కువ.

ఆటలు. ప్లే స్టోర్‌లో పేరు కింద "ప్రకటనలు ఉన్నాయి", "యాప్‌లో కొనుగోళ్లు" అని రాసి ఉంటుంది, ఇక్కడ. అవి లేనివి వెతకండి. సూపర్‌టక్స్‌కార్ట్‌ను నేను మొదట వేస్తాను, కార్ల పందెం, ఉచితం, నెట్ లేకుండా నడుస్తుంది. ఆలోచించి ఆడేవారికి షాటర్డ్ పిక్సెల్ డంజన్, వంతులవారీగా సాగే ఆట కాబట్టి కంట్రోలర్ లేకపోయినా ఇబ్బంది లేదు, దీని కింద "యాప్‌లో కొనుగోళ్లు" అని కనిపించినా అవి ఇష్టమైతే ఇచ్చే విరాళాలే. చదరంగానికి లీచెస్, ఒక్క ప్రకటన కూడా ఉండదు. దేవరకొండ నుంచి హైదరాబాద్ బస్సులో వెళ్లేటప్పుడు నెట్ ఉంటుందో లేదో అన్న చింత లేకుండా ఉండాలంటే, ఇంట్లోనే విమానం మోడ్ పెట్టి ప్రతి ఆటనూ ఒకసారి తెరిచి చూడండి, తెరుచుకోనిదాన్ని తీసేయండి. డబ్బులు పెట్టి ఆడే రమ్మీ వంటి వాటి ప్రకటనలు ఎక్కడైనా కనిపిస్తే వాటి జోలికి వెళ్లవద్దు, తెలంగాణలో 2017లోనే చట్టాన్ని సవరించి వాటిని నిషేధించారు, 2025లో కేంద్రం కూడా చట్టం తెచ్చింది. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో కొనుగోలు ధ్రువీకరణను ఎప్పుడూ అడిగేలా పెట్టండి, ఇదిగో ఇక్కడ, ప్రతిసారీ అన్నది.

చివరగా పవర్ బ్యాంక్. 10,000 ఎంఏహెచ్ (బ్యాటరీ సామర్థ్యపు కొలత) అని రాసినంత మాత్రాన 4,000 ఎంఏహెచ్ ఫోన్ రెండున్నర సార్లు నిండదు. ఆ పదివేలు లోపలి బ్యాటరీ 3.7 వోల్టుల లెక్క, అంటే 37 వాట్ అవర్లు, మార్పిడిలో పోయేది పోగా సుమారు రెండుసార్లు నిండుతుంది. మన దేశంలో పవర్ బ్యాంకులకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నమోదు తప్పనిసరి, కాబట్టి వెనుక వైపు ఆర్ అక్షరంతో మొదలయ్యే సంఖ్య ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్ తెరిచి, ఆర్ నంబర్ సరిచూసే చోట ఆ సంఖ్యను కొట్టండి, తయారీదారు పేరు, వస్తువు వివరాలు వస్తాయి. డబ్బా మీద ఉన్న పేరు, యాప్ చూపించే పేరు వేరైతే, లేదా అసలు సంఖ్యే లేకపోతే, ఎంత తక్కువ ధరకు ఇస్తామన్నా దాన్ని కౌంటర్ మీదే వదిలేసి రండి.