కోట రాళ్ల మీద రంగు వద్దు

వేదిక మీది పెద్దలకు, పొద్దున కొండవీడు ఎక్కి దిగి సాయంత్రానికి గుంటూరులో ఈ హాలు నింపిన రన్నర్లకు నమస్కారం. మోకాళ్ల జాగ్రత్తల గురించి మాట్లాడమన్నారు, కాగితం కూడా రాసుకొచ్చాను. కానీ నాలుగేళ్లుగా మనసులో ఉన్న మాట ఒకటుంది. ముందు అది చెప్పేస్తాను.

అప్పుడూ ఇదే కొండ మీద పరుగు. ఘాట్ రోడ్డు వదిలేసి పాత కాలిబాటన ఎక్కి, చెరువుల పక్కగా వెళ్లి, బురుజులు చూసుకుంటూ దిగే లూప్. చెరువు గట్టు దాటాక ఎటు వెళ్లాలో తోచలేదు. తలెత్తి చూస్తే కోటగోడ రాయి మీద ఎర్ర బాణం. జానెడు పొడవు, ఆయిల్ పెయింట్. రెండు చారలు కిందికి కారి రాతి పగుళ్లలో గడ్డకట్టాయి. పదడుగులు పోతే ఇంకోటి. ఆ రోజు నేను బాణం చూసుకుని హాయిగా పరిగెత్తాను. ఇంటికొచ్చి ఫొటోలు చూసుకున్నాకే కడుపులో దేవినట్టయింది.

రెండు వానాకాలాలు పోయాక వెళ్లి చూశాం. చెక్కుచెదరలేదు. మిత్రుడూ నేనూ థిన్నర్, వైర్ బ్రష్ పట్టుకుని గంటసేపు రుద్దాం. ఏమైందో తెలుసా? వందల ఏళ్ల ఎండకీ వానకీ నల్లబడిన పైపొర లేచిపోయింది. గుంటల్లో ఎరుపు మాత్రం అలాగే ఉంది. ఇంకా పాడుచేస్తున్నామని ఆపేశాం.

ఆ గోడ ఎవరిదండీ? అద్దంకి నుంచి రాజధానిని మార్చుకుని రెడ్డిరాజులు ఏలిన కోట. పెదకోమటి వేమారెడ్డి కొలువులో శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్న చోటు. 1515లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న దుర్గం. కొండ మీద వాన నీళ్లు నిలిపిన చెరువులు ఉండబట్టే కదా అంతమంది ఆ ఎత్తున బతకగలిగారు! మీరు ఈ పొద్దున చెప్పులు విప్పి కాళ్లు కడుక్కున్న నీళ్లు అవే.

మోకాళ్ల సంగతి కూడా చెప్పమని ముందు వరసలో అమ్మాయి సైగ చేస్తోంది. దిగేటప్పుడు అంగలు పొట్టిగా వెయ్యాలమ్మా. చూపు పాదాల దగ్గర కాదు, మూడు నాలుగు అడుగుల ముందుండాలి. మడమ మీద బరువేసి బ్రేకు వేస్తే మోకాలికి దెబ్బ. వదులు రాయి కనిపిస్తే పక్కకి తప్పుకోవాలి గానీ పడిపోయిన గోడ మీద కాలు పెట్టకూడదు. చూశారా, మళ్లీ గోడ దగ్గరికే వచ్చాను.

నిర్వాహకులు ఇక్కడే ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. దారి గుర్తుకి పెయింట్ ఎందుకండీ? మట్టి మీద బియ్యప్పిండితో బాణం గీస్తే మర్నాటికి చీమలు తినేస్తాయి. రాళ్లున్న చోట పొదకి గుడ్డపీలిక కట్టండి. అందరికన్నా వెనక వచ్చే వాలంటీరు వాటిని విప్పి సంచిలో వేసుకుని దిగుతాడు. ఖర్చెంత? పది కిలోల పిండి, ఒక పాత చీర. పిండి నేను తెస్తాను.

వచ్చే ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి శంకర్‌విలాస్ సెంటర్ దగ్గర ఉంటాను. కొండ మీద ఖాళీ సీసాలు ఏరాలి, ఈ పిండి బాణాలు లూప్ అంతా వేసి చూడాలి. వచ్చేవాళ్లు ఇప్పుడే చేతులెత్తండి, లెక్కపెట్టుకుంటాను.