ఒక్క యూనిట్ ఫైలు, ఎన్ని సర్వీసులైనా: సిస్టమ్‌డీ టెంప్లేట్లకు పేరు పెట్టే పద్ధతి

అందరికీ నమస్కారం. ఈరోజు సిస్టమ్‌డీలో టెంప్లేట్ యూనిట్ల గురించి మాట్లాడుకుందాం. సిస్టమ్‌డీ అంటే లినక్స్‌లో సర్వీసుల్ని, అంటే వెనకాల నడిచే ప్రోగ్రాముల్ని, స్టార్ట్ చేసి చూసుకునేది. ఒక సర్వీస్ ఎలా నడవాలో రాసే ఫైలే యూనిట్ ఫైలు. ముఖ్యంగా వాటికి పేర్లు ఎలా పెట్టాలో చూద్దాం, ఎందుకంటే అసలు చిక్కులన్నీ అక్కడే వస్తాయి.

ఒక సర్వర్ తీసుకోండి. అందులో మెసేజ్‌లు పంపే ప్రోగ్రామ్ ఒకటే, పేరు మెయిలర్ అనుకుందాం. కానీ క్యూలు మూడు: ఓటీపీలు, బిల్లులు, ఆఫర్లు. చాలామంది ఏం చేస్తారంటే, ఒక సర్వీస్ ఫైలు రాసి, దాన్నే ఇంకో రెండుసార్లు కాపీ కొట్టి, లోపల ఒక్క పదం మారుస్తారు. మొదటి రోజు అంతా బాగానే ఉంటుంది. కొన్ని నెలలు పోయాక చూస్తే, ఒక ఫైల్లో రీస్టార్ట్ లైను ఉంటుంది, పక్కదాంట్లో ఉండదు. అర్ధరాత్రి ఓటీపీల క్యూ పడిపోయి, మళ్లీ లేవకపోతే అప్పుడు మొదలవుతుంది టెన్షన్.

దీనికి మందు ఎట్ గుర్తు. ఫైలుకి మెయిలర్@.సర్వీస్ అని పేరు పెట్టండి. ఎట్ తర్వాత ఏమీ రాయకుండా వదిలేయాలి, అదే టెంప్లేట్. శుభలేఖ మీద 'శ్రీ' అని అచ్చేసి, పేరు రాసుకోవడానికి ఖాళీ వదులుతారు చూడండి, అలాంటిదే. స్టార్ట్ చేసేటప్పుడు మెయిలర్@ఓటీపీ.సర్వీస్ అంటారు. ఫైలు లోపల పర్సెంట్ చిన్న ఐ (%i) రాసిన ప్రతి చోటా ఓటీపీ అన్న పేరు వచ్చి కూర్చుంటుంది.

ఇది మీ మెషీన్లో ఇప్పటికే నడుస్తోంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కితే వచ్చే లాగిన్ స్క్రీన్ సాధారణంగా గెట్టీ@.సర్వీస్ అనే టెంప్లేట్ నుంచే పుడుతుంది, టీటీవై3 అనే పేరుతో. డెబియన్‌లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ క్లస్టర్లూ అంతే: పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్@15-మెయిన్. వెర్షను, క్లస్టర్ పేరు రెండూ పేరులోనే కనిపిస్తాయి. నాకు బాగా నచ్చిన పేరు ఇది, చూడగానే ఏది నడుస్తోందో తెలిసిపోతుంది.

ఇప్పుడు జాగ్రత్తగా చూడాల్సిన చోటు. పర్సెంట్ చిన్న ఐ, పర్సెంట్ పెద్ద ఐ (%I) ఒకటి కావు. యూనిట్ పేర్లలో స్లాష్ ఉండకూడదు కాబట్టి, పాత్‌లని పేరుగా మార్చేటప్పుడు సిస్టమ్‌డీ స్లాష్ స్థానంలో హైఫన్ పెడుతుంది. చిన్న ఐ పేరుని ఉన్నది ఉన్నట్టు ఇస్తుంది. పెద్ద ఐ ఆ మార్పుని వెనక్కి తిప్పుతుంది. అంటే మీరు మెయిలర్@బిల్లు-పాత అని పేరు పెట్టి, లోపల పెద్ద ఐ వాడితే, ప్రోగ్రామ్‌కి అందేది బిల్లు స్లాష్ పాత. ఆ పేరుతో ఫోల్డర్ ఉండదు, సర్వీస్ లేవదు, మీకేమో ఎందుకో అర్థం కాదు. అందుకే నా మాట: మామూలు పేర్లకి చిన్న ఐ వాడండి. ఇన్‌స్టెన్స్ పేరు (ఎట్ తర్వాత వచ్చేది) నిజంగా పాత్ అయితేనే పెద్ద ఐ జోలికి వెళ్లండి. అప్పుడు కూడా పేరు చేత్తో రాయకండి, సిస్టమ్‌డీ-ఎస్కేప్ కమాండ్‌తో తయారు చేయించండి.

రెండోది, పేరులో మారిపోయేవి పెట్టకండి. పోర్టు నంబరు రేపు మారుతుంది, క్యూ పేరు మారదు. క్యూ పేరు మాత్రమే ఎట్ తర్వాత పెట్టి, మిగతా సెట్టింగులన్నీ ఎన్విరాన్‌మెంట్‌ఫైల్ లైనుతో విడి ఫైల్లోకి పంపండి. ఆ ఫైలు పాత్‌లోనే చిన్న ఐ ఉంటే, ఓటీపీకి ఓటీపీ ఫైలు, బిల్లుకి బిల్లు ఫైలు దానంతటదే దొరుకుతుంది.

ఆ పాత్ ముందు హైఫన్ పెట్టమని చెప్పే ఉదాహరణలు చాలా కనిపిస్తాయి. హైఫన్ పెడితే ఫైలు లేకపోయినా సర్వీస్ స్టార్ట్ అయిపోతుంది. ఇక్కడ అది వద్దు. ఎందుకంటే ఎట్ తర్వాత మీరు ఏ పేరు కొట్టినా సిస్టమ్‌డీ ఒప్పుకుంటుంది, స్పెల్లింగ్ తప్పినా సరే. హైఫన్ లేకపోతే, తప్పు పేరుకి ఫైలు దొరక్క సర్వీస్ అక్కడే ఆగిపోతుంది. ఆగిపోవడమే మనకి కావాలి.

ఒక్క క్యూకి మాత్రం వేరే సెట్టింగు కావాలా? టెంప్లేట్‌ని ముట్టుకోవద్దు. సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ మెయిలర్@ఓటీపీ అని కొడితే, దానికొక్కదానికే డ్రాప్-ఇన్, అంటే టెంప్లేట్ మీద అదనంగా చేరే చిన్న ఫైలు, వస్తుంది.

మెమరీ సంగతి కూడా చెప్పాలి. టెంప్లేట్‌లో మెమరీమ్యాక్స్ 500 ఎంబీ అని రాస్తే, అది ఒక్కో ఇన్‌స్టెన్స్‌కి 500, మూడింటికీ కలిపి కాదు. అన్నింటికీ కలిపి హద్దు కావాలంటే, సిస్టమ్‌డీ వాటన్నిటినీ సిస్టమ్-మెయిలర్.స్లైస్ అనే ఒక గుంపు కింద చేరుస్తుంది కదా, ఆ స్లైస్ మీద పెట్టండి.

ఇక పాత ఫైళ్ల నుంచి మారేటప్పుడు, ముందు పాత సర్వీసుల్ని స్టాప్ చేసి, డిజేబుల్ చేసి, ఆ తర్వాతే ఫైళ్లు డిలీట్ చేయండి. ముందే డిలీట్ చేస్తే వాంట్స్ ఫోల్డర్లో విరిగిన సిమ్‌లింకులు (లేని ఫైలుని చూపించే షార్ట్‌కట్లు) మిగిలిపోతాయి. తర్వాత డీమన్-రీలోడ్ కమాండ్‌తో సిస్టమ్‌డీ చేత ఫైళ్లు మళ్లీ చదివించి, ఆపైన కొత్త పేర్లని ఒక్కొక్కటిగా ఎనేబుల్ చేయండి. ఓటీపీల క్యూతో మొదలుపెట్టండి, దానికోసమే జనం ఎదురు చూస్తుంటారు.