హోటల్ లాబీలో జపాను: టోక్యో ఉగాది సభలో చేసిన ప్రసంగం

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, పొద్దున్నే వచ్చి పచ్చడి కలిపిన అమ్మలకు, పిల్లలను చూడడానికి ఊళ్ల నుంచి వచ్చిన తల్లిదండ్రులకు ఉగాది శుభాకాంక్షలు. నిర్వాహకులు నాకిచ్చిన అంశం ‘నగరంలోని ఖరీదైన హోటళ్లు, జపాను సంస్కృతి’. గదుల అద్దెలూ సౌకర్యాలూ ఫోనులోనే దొరుకుతాయి కనుక, నాకిచ్చిన కొద్ది సమయాన్నీ లాబీలకే కేటాయిస్తాను.

అమ్మానాన్నలు ఇక్కడికి రాగానే మనం ఏం చేస్తున్నామో ఒక్కసారి ఆలోచించండి. మొదటి రోజే అసాకుసా గుడి, ఆ మధ్యాహ్నం స్కైట్రీ టవరు, మర్నాడు డిస్నీల్యాండ్. మోకాళ్ల నొప్పులున్న మనుషులను రైల్వేస్టేషన్ల మెట్లన్నీ ఎక్కించి దింపిస్తే, సాయంత్రానికి వాళ్లకు గుర్తుండేది రద్దీ మాత్రమే. నా మనవి ఏమిటంటే, మొదటి రోజు వాళ్లను తోరానోమోన్‌లోని ఓకురా హోటల్‌కు తీసుకెళ్లండి. గది తీసుకోనక్కర్లేదు. అక్కడి రెస్టారెంటులో కాఫీ తాగి, లాబీలో నెమ్మదిగా కూర్చోండి.

టోక్యో ఒలింపిక్స్‌కు రెండేళ్ల ముందు, 1962లో, ఓకురా కిషిచిరో ఈ హోటల్‌ను తెరిచారు. పాశ్చాత్య హోటళ్లకు నకలు కట్టడం ఆయనకు ఇష్టం లేదు. విదేశీ అతిథి లోపల అడుగు పెట్టగానే జపాను కనిపించాలన్నది ఆయన పట్టుదల. లాబీని తీర్చిదిద్దిన వాస్తుశిల్పి తానిగుచి యోషిరో. పైకప్పు నుంచి వేలాడే దీపాలకు ప్రాచీన సమాధుల్లో దొరికిన పలకలు తీర్చిన పూసల ఆకారం ఇచ్చారు. గోడకు కుమ్మరి కళలో మహానుభావుడైన తోమిమోతో కెన్‌కిచి గీసిన నాలుగు రేకుల పువ్వుల నమూనాతో నేసిన పట్టు ఉంటుంది. కాగితపు తెరల గుండా వచ్చే వెలుగు కంటికి గుచ్చుకోదు. గుండ్రటి లక్క బల్ల ఒక్కొక్కదాని చుట్టూ ఐదేసి కుర్చీలు ఉంటాయి; పై అంతస్తు నుంచి చూస్తే ప్రతి బల్లా ఐదు రేకుల ఉమె (జపాను రేగు జాతి చెట్టు) పువ్వై కనబడుతుంది.

ఆ కుర్చీల దగ్గర నేను చూసినది చెప్పాలి. మన దేశం నుంచే వచ్చిన ఒక పెద్ద బృందం రెండు మూడు బల్లల కుర్చీలను ఒకచోటికి లాక్కుని, ఫొటోలు దిగి, అలాగే వదిలేసి బయటి బస్సెక్కింది. హోటల్ ఉద్యోగిని ఒకామె వాళ్లు కూర్చున్నంతసేపూ ఒక్క మాట అనలేదు. వెళ్లిపోయాక వచ్చి, ఒక్కొక్క కుర్చీని ఈడ్వకుండా రెండు చేతులా ఎత్తి యథాస్థానంలో పెట్టి, ఒక అడుగు వెనక్కి వేసి చూసి, ఒకదాన్ని రెండంగుళాలు జరిపి వెళ్లింది. ఆ రెండంగుళాలను మన పిల్లలకు చూపించండి. సోదరులారా, ఏ పుస్తకమూ చెప్పనంత జపాను అందులో ఉంది!

తానిగుచి గారి గురించి ఇంకొంత చెప్పకుండా ముందుకు వెళ్లలేను. మేజీ చక్రవర్తి కాలపు ప్రభుత్వం విదేశీ అతిథుల కోసం 1883లో కట్టించిన రోకుమేకన్ భవనాన్ని 1940లో కూల్చుతుండగా ఆయన రైల్లోంచి చూసి కలత చెందారు. ఆ బాధను మరిచిపోలేదు. చదువుకునే రోజుల్లో స్నేహితుడైన త్సుచికావా మోతోఓ పెద్దయ్యాక రైల్వే సంస్థ అధినేత అయితే, ఆయన అండతో 1965లో నగోయా దగ్గరి ఇనుయామాలో మేజీమురా అనే ఆరుబయటి మ్యూజియాన్ని స్థాపించారు. కూల్చబోయే పాత కట్టడాలను విడదీసి తెచ్చి అక్కడ మళ్లీ నిలబెడతారు.

అక్కడికి చేరిన వాటిలో ముఖ్యమైనది అమెరికా వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ టోక్యోలో కట్టిన ఇంపీరియల్ హోటల్ ముందు భాగం. 1923 సెప్టెంబరు 1న ఆ హోటల్ ప్రారంభోత్సవానికి విందు సిద్ధమవుతుండగా మహా భూకంపం వచ్చింది. నగరం తగలబడిపోతున్నా ఆ భవనం కొద్దిపాటి దెబ్బలతో నిలిచింది. ముంగిట అలంకారంగా తవ్విన కొలను నీళ్లే మంటల నుంచి దాన్ని కాపాడడానికి అక్కరకు వచ్చాయి. అంతటి భవనాన్ని మెత్తటి నేలలో కుంగుతోందని, గదులు చాలడం లేదని 1968 నాటికి కూల్చేశారు. మిగిలింది ఆ ముందు భాగమొక్కటే.

అలా ఇతరుల లాబీని కాపాడిన మనిషి కట్టిన ఓకురా లాబీనీ 2015లో కూల్చారు. దేశదేశాల కళాకారులు, పత్రికలవాళ్లు వద్దని మొరపెట్టుకున్నా ఆగలేదు. 2019లో కొత్త టవరులో ఆ లాబీని కొలతలతో సహా తిరిగి రూపొందించిన వాస్తుశిల్పి ఆయన కుమారుడు తానిగుచి యోషియో. తండ్రి పనిని కుమారుడు ఎంత శ్రద్ధగా నిలబెట్టాడో నేను మెచ్చుకుంటాను. అయినా పాతదాన్ని కూల్చకుండా ఉండవలసిందనే అంటాను. ఇప్పుడున్న ఇంపీరియల్ ప్రధాన భవనాన్ని కూడా కూల్చి తిరిగి కట్టే ప్రణాళికను 2021లో ప్రకటించారు. కాబట్టి తర్వాత చూద్దాంలే అనుకోకండి.

ఆ ఇంపీరియల్‌లో తోకోఅన్ అనే తేనీటి గది ఉంది. కింద కూర్చోలేమని పెద్దలు వెనకాడనవసరం లేదు. కుర్చీ మీద కూర్చుని తేనీరు సేవించే పద్ధతిని ఉరాసెన్కే అనే తేనీటి కళా సంప్రదాయపు 11వ పీఠాధిపతి 1872 నాటి క్యోటో ప్రదర్శన కోసం, విదేశీయులను దృష్టిలో పెట్టుకునే ఏర్పరిచారు. కుర్చీల పద్ధతి కుదురుతుందా అని ముందే ఫోన్ చేసి కనుక్కోండి. శాకాహారులు భోజనం కూడా చేయదలిస్తే, చేపతో కాచిన దాషి రసం సైతం పనికిరాదని అప్పుడే చెప్పండి. అక్కడికి వెళ్లాక చెబితే వంటవారికి వీలుపడదు.

ఏప్రిల్ చివర, మే మొదట్లో వరుసగా వచ్చే గోల్డెన్ వీక్ సెలవులు వస్తున్నాయి. నగోయా మీదుగా క్యోటో వెళ్లేవారు ఒక రోజు ఇనుయామాలో ఆగండి. మేజీమురాలోని ఆ ఇంపీరియల్ ముందు భాగంలో మేడమీద తేనీటి దుకాణం ఉంది. అమ్మానాన్నలను అక్కడ కూర్చోబెట్టి, స్తంభాలకు చెక్కిన ఓయా రాతిని చూపించండి. తొచిగి ప్రాంతపు గనుల నుంచి తెచ్చిన ఆ రాయి ఎంత మెత్తనిదో చిల్లులు పడిన దాని ఒంటిని చూస్తేనే తెలుస్తుంది. బస్సు వేళలు, దారి వివరాలు కావలసినవారు సభ అయ్యాక నన్ను కలవండి, రాసి ఇస్తాను.