తొండవాడ నుండి చంద్రగిరి దాకా: స్వర్ణముఖి వెంట ఒక పూట నడక

నమస్కారం. తిరుపతికి వచ్చినవారిలో చాలామంది చంద్రగిరి కోటకు ఆటోలోనో కారులోనో వెళ్లి, రాజమహల్ ముందు నాలుగు ఫోటోలు దిగి, గంట తిరగకముందే వెనక్కి వచ్చేస్తారు. అదే కోటకు తొండవాడ గ్రామం నుండి స్వర్ణముఖి ఒడ్డు పట్టుకొని నడిచి వెళితే ఎలా ఉంటుందో, ఆ నడక ఎవరికి తగునో, ఎవరికి తగదో ఈ వీడియోలో చెబుతాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఎక్కడం దిగడం దాదాపు లేని ఈ దారిని ఒక మాదిరి ఓపిక ఉన్నవారెవరైనా మధ్యాహ్నంలోపు ముగించగలరు. అయితే ఏడాది పొడవునా నీళ్లు పారే నదిని ఊహించుకొని వచ్చేవారికి మాత్రం నిరాశ తప్పదు.

తిరుపతి నుండి చంద్రగిరి వెళ్లే దారిలో, సుమారు పది కిలోమీటర్ల దూరంలో తొండవాడ వస్తుంది. ఊరి పక్కనే, ఏటి ఒడ్డున అగస్త్యేశ్వరస్వామి ఆలయం ఉంది. స్వర్ణముఖి, భీమ, కల్యాణి నదులు కలిసే చోటు ఇదే. ఇక్కడివారు ఈ చోటును ముక్కోటి అంటారు. పద్మావతీదేవిని పెళ్లాడిన శ్రీనివాసుడు, కొత్త దంపతులు ఆరు నెలలు కొండ ఎక్కరాదన్న ఆచారం ప్రకారం, ఈ ప్రాంతంలోని అగస్త్యుని ఆశ్రమంలోనే ఉండిపోయాడని స్థలపురాణం. ఆ కథకు చెందిన శ్రీనివాసమంగాపురం ఆలయం కూడా ఇక్కడికి దగ్గరే కాబట్టి, పొద్దున్నే బయలుదేరగలిగినవారు ముందు అక్కడ దర్శనం చేసుకొని ఇటు రావచ్చు. సంగమమంటే మూడు నిండు నదులు కళ్లకు కనబడతాయని మాత్రం అనుకోకండి. తిరుపతి, తిరుమల తాగునీటి కోసం ఎగువన 1977లో కట్టిన కల్యాణి జలాశయం ఆ వైపు నీటిని చాలావరకు అక్కడే ఆపేస్తుంది. మిగిలిన రెండింటిలోనూ వానాకాలం దాటితే ఎక్కువగా కనబడేది ఇసుకే. గుడి చుట్టుపక్కల పూజ సామాన్ల కవర్లు, నీళ్ల సీసాలు పడి ఉండటం నాకు బాధ కలిగించింది. కార్తీకమాసంలో ఈ చెత్త ఇంకా పెరుగుతుంది.

ఈ నడకను తొండవాడలోనే మొదలుపెట్టాలనీ, చంద్రగిరి నుండి ఇటు రావద్దనీ నేను గట్టిగా చెబుతాను. చంద్రగిరి ఇక్కడికి పడమరన ఉంది కాబట్టి ఏటికి ఎదురుగా నడుస్తాం, ఉదయపు ఎండ వీపు మీద పడుతుందే కాని కళ్లలో పడదు. పైగా కుడివైపు శేషాచలం కొండలు, ఎదురుగా కోట కొండ కనబడుతూ ఉంటాయి కనుక దారి తప్పుతామన్న బెంగ ఉండదు. దూరం నాలుగైదు కిలోమీటర్లే. కోట దాకా వెళితే మరికొంత కలుస్తుంది.

దారి విషయానికి వస్తే, ఇక్కడ నడకదారి అంటూ ఎవరూ వేసింది లేదు, సూచిక బోర్డులూ లేవు. గట్టు మీద బండిబాట ఉన్నంత మేర దాని మీద నడవాలి, ముళ్లకంప అడ్డువచ్చిన చోట ఇసుకలోకి దిగాలి, అదీ కుదరకపోతే చేల గట్ల మీదుగా కాసేపు పక్కకు తొలగి మళ్లీ ఒడ్డుకు చేరుకోవాలి. పొడి ఇసుకలో అడుగు వెనక్కి జారుతుంది కనుక, నీరు తీసిన తరువాత కాస్త గట్టిపడిన తడి అంచున నడిస్తే శ్రమ సగానికి తగ్గుతుంది. ఒకచోట పశువులు కాసే పెద్దాయన చేత్తో మూరెడు లోతు ఇసుక తీసి చెలమ చేశారు. మొదట మట్టిరంగుగా ఊరిన నీటిని రెండుసార్లు దోసిలితో తోడి పారబోశాక, అడుగున ఇసుక రేణువులు లెక్కపెట్టగలిగేంత తేటగా నీరు నిలిచింది. పైకి ఎండినట్లు కనబడే ఏరు లోపల పారుతూనే ఉంటుందనడానికి ఇంతకంటే రుజువు అక్కరలేదు. ఆ నీరు తాగమని మాత్రం నేను చెప్పను. ఇసుక తవ్వి వదిలేసిన గుంతలు కూడా ఏటిలో ఉంటాయి. వాన పడినప్పుడు అవి నిండి లోతు తెలియకుండా ఉంటాయి కాబట్టి పిల్లలను వాటి దగ్గరికి పోనివ్వకండి. 2021 నవంబరులో ఈ నది ఎంత ఉగ్రంగా పొంగిందో తిరుపతివారికి వేరే చెప్పనవసరం లేదు. ఎగువన వాన కురుస్తోందని తెలిస్తే ఆ రోజుకు ఈ నడక మానుకోవాలి.

చంద్రగిరి చేరాక కోటను చూసే తీరు మారుతుందని నా నమ్మకం. వెనుక నిటారైన బండకొండ, ముందు చదునైన నేల, కూతవేటు దూరంలో ఏరు: ఇవన్నీ నడిచి వచ్చిన కాళ్లకు తెలిసే ఉంటాయి కనుక ఇక్కడే కోట ఎందుకు కట్టారని ఎవరినీ అడగనక్కరలేదు. చంద్రగిరిని ఏలుతూ ఎదిగిన సాళువ నరసింహరాయలు 1485లో విజయనగర సింహాసనం ఎక్కారు. 1565 నాటి తళ్లికోట యుద్ధం తరువాత పెనుకొండకు మారిన రాజధాని, రెండవ వేంకటపతిరాయల కాలంలో ఈ ఊరికి వచ్చింది. ఇంగ్లీషువారికి చెన్నపట్నంలో స్థలం దక్కిన 1639లో ఆ సీమ ఈ వేంకటపతిరాయల వంశానికే చెందిన పెద వేంకటరాయల ఏలుబడిలో ఉండేది. మూడంతస్తుల రాజమహల్‌ను కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారు. లోపలి కమానుల కింద నిలబడి పైకి చూస్తే ఆ బరువంతా ఎలా నిలిచిందో బోధపడుతుంది. పురావస్తు శాఖవారి మ్యూజియం ఈ భవనంలోనే ఉంది, అందులోని కంచు, రాతి విగ్రహాలకు కనీసం గంట సమయం కేటాయించండి. రాణీమహల్‌ను బయటి నుండి చూస్తే చాలు.

వానలు వెనకబట్టిన డిసెంబరు చివరి నుండి ఫిబ్రవరి దాకా ఈ నడకకు మంచి కాలం. ఏటిలో కాస్త నీరు ఉంటుంది, ఎండా బాధించదు. నీడ తక్కువ కాబట్టి మార్చి దాటితే ఏడు గంటలకల్లా బయలుదేరలేనివారు రాకపోవడమే మేలు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, టోపీ, ఇసుక దూరని బూట్లు ఉండాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దలను తొండవాడ గుడి దగ్గర నుండి నేరుగా బస్సులో చంద్రగిరికి పంపి, కోట దగ్గర కలుసుకోవచ్చు. తిరుగు ప్రయాణానికి చంద్రగిరి నుండి తిరుపతికి బస్సులు దొరుకుతూనే ఉంటాయి. మ్యూజియానికి శుక్రవారం సెలవు కనుక మిగిలిన రోజుల్లో ఏదైనా ఎంచుకోండి.