డైయీన్ల లెక్క విడిగా కావాలి

వేదిక మీది పెద్దలకు, ప్రయోగశాలల మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం. పెట్రోలు విశ్లేషణ పద్ధతులన్నిటినీ సమీక్షించమని నన్ను కోరారు. కానీ పెట్రోలులోని డైయీన్లను విడిగా లెక్కించకపోవడమనే ఒక్క విషయం చాలాకాలంగా నన్ను వేధిస్తున్నది కనుక దాని మీదే నిలుస్తాను.

పెట్రోలులోని ఓలెఫిన్లు, అంటే కార్బన్ల నడుమ ద్విబంధం ఉన్న హైడ్రోకార్బన్లు, ఎక్కువగా ఎఫ్‌సీసీ యూనిట్ నుంచి, అంటే బరువైన నూనెలను ఉత్ప్రేరకంతో విరగ్గొట్టే చోటి నుంచి వస్తాయి. వాటిలో రెండు ద్విబంధాల నడుమ ఒకే ఏకబంధం ఉన్న డైయీన్లు, అనగా ఐసోప్రీన్, సైక్లోపెంటాడైయీన్ వంటివి, అత్యంత చురుకైనవి. నిల్వలో ఇవి ఆక్సిజన్‌తో కలిసి పెరాక్సైడ్లుగా, ఆపైన జిగురుగా మారతాయి. భారత్ స్టేజ్-6 ప్రమాణం సాధారణ పెట్రోలులో మొత్తం ఓలెఫిన్లకు 21 శాతం పరిమితి పెట్టింది. ఆ అంకెలో డైయీన్ల వాటా ఎంతో కనిపించదు.

పాత ఫ్లోరసెంట్ పద్ధతిని చూడండి. సిలికా జెల్ కూరిన సన్నని గాజు గొట్టంలో 0.75 మిల్లీలీటర్ల పెట్రోలు పోసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కిందికి నెట్టి, అతినీలలోహిత దీపం కింద పసుపు పట్టీని ఓలెఫిన్లుగా, నీలం పట్టీని ఆరోమాటిక్‌లుగా, అంటే బెంజీన్ వంటి వలయమున్న హైడ్రోకార్బన్లుగా కొలుస్తారు. కొన్ని డైయీన్లు ఆ నీలం పట్టీలోకే చేరిపోతాయి! అన్నిటికంటే త్వరగా చెడేవాటిలో కొంత ఓలెఫిన్ల ఖాతాలోనే పడడం లేదు. ఒకచోట పరిమితికి లోబడిందని రిపోర్టు వచ్చిన పెట్రోలే నిల్వలో రంగు తిరిగి జిగురు కట్టింది. అడిగితే రిపోర్టు చూసుకోమన్నారు. మిత్రులారా, మీరైతే ఏమనేవారు?

నేను చెప్పిన ఈ డైయీన్లు, అంటే కాంజుగేటెడ్ డైయీన్లు, సుమారు 217 నుంచి 240 నానోమీటర్ల మధ్య కాంతిని బలంగా పీల్చుకుంటాయి. అయితే పెట్రోలును నేరుగా స్పెక్ట్రోమీటరులో పెడితే ఆరోమాటిక్‌లు ఆ సంకేతాన్ని కప్పేస్తాయి. కనుక ముందు గ్యాస్ క్రొమటోగ్రఫీతో, అంటే ఆవిరిని పొడవైన సన్నని గొట్టం (కాలమ్) గుండా పంపి, పదార్థాలను విడదీయాలి. వంద మీటర్ల కాలమ్ కూడా కొన్ని శిఖరాలను, అంటే ఒక్కో పదార్థానికి గ్రాఫులో లేచే గుర్తులను, విడదీయలేదు. అక్కడ కేవలం పదార్థం బయటికి వచ్చే సమయాన్ని నమ్మక, వాక్యూమ్ అతినీలలోహిత డిటెక్టరుతో ఒక్కొక్క శిఖరపు వర్ణపటాన్నీ చూడాలి. ఆ పరికరం లేనిచోట మలేయిక్ ఎన్‌హైడ్రైడ్ పరీక్ష ఉంది. డైయీన్ మరో ద్విబంధంతో కలిసి వలయంగా మారే డీల్స్-ఆల్డర్ చర్యతో అది చాలా డైయీన్లను పట్టుకుంటుంది.

యువ విశ్లేషకులకు నా విన్నపం: రిపోర్టులో డైయీన్లకు ఒక వరుస చేర్చండి. సైక్లోపెంటాడైయీన్ గది ఉష్ణోగ్రతలోనే జంటకట్టి డైమరుగా మారుతుంది కాబట్టి, నమూనా సీసాను అందగానే చల్లగా ఉంచి, వీలైతే ఆ రోజే పరీక్షించండి.